నా కంప్యూటర్‌లో నడుస్తోందిగా!

హైదరాబాద్‌లో నాగోలు నుంచి మెట్టుగూడ దాకా ఎనిమిది కిలోమీటర్ల మెట్రో దారికి 2016లోనే భద్రతా కమిషనర్ ఆమోదం దొరికింది. పట్టాలు, కరెంటు, సిగ్నళ్లు, రైళ్లు అన్నీ ఉన్నాయి. అయినా జనం ఎక్కింది 2017 నవంబరు ఆఖర్న. అదీ మెట్టుగూడతో ఆపలేదు, అమీర్‌పేట మీదుగా మియాపూర్ దాకా ముప్పై కిలోమీటర్లూ ఒక్కసారే తెరిచారు. కట్టడం ఒక పని. కట్టింది నిలుస్తుందో లేదో చూడడం ఇంకో పని. మనుషుల్ని ఎక్కించుకోవడం మూడోది. సాఫ్ట్‌వేర్‌కూ ఈ మూడు పనులూ ఉన్నాయి. అయితే అక్కడ వాటి మధ్య హద్దులు కంటికి ఆనవు. అందుకే మొదటిసారి ప్రోగ్రాం రాసినవాళ్లకు మూడూ ఒకటే అనిపిస్తుంది.

మియాపూర్ వైపు నుంచి వస్తే మెట్టుగూడ దాటాక తార్నాక. అక్కణ్ణుంచి కుడివైపు ఉస్మానియా విశ్వవిద్యాలయం. ముందుకెళ్లి హబ్సిగూడ, నాచారం మీదుగా పోతే ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్. 1969 నాటి టీడీసీ-12 కంప్యూటర్ ఆ సంస్థదే. ఆ కాలంలో ఏ యంత్రానికి రాసిన ప్రోగ్రాం చాలావరకు ఆ రకం యంత్రం మీదే నడిచేది. ఇప్పుడు ఈ దారి పొడవునా హాస్టళ్లలో, అద్దె గదుల్లో ల్యాప్‌టాప్‌లు. వాటిలో పుట్టే ప్రాజెక్టుల గురించి అడిగితే ల్యాబ్‌లో తరచూ వినిపించే సమాధానం ఒకటుంది: "నా కంప్యూటర్‌లో నడుస్తోందిగా సార్!" అబద్ధమేమీ కాదు. కానీ కోడ్ అందరికీ తెరిచి ఇచ్చే ఓపెన్ సోర్స్ డెస్క్‌టాప్ యాప్ అంటే ముక్కూమొహం తెలియని మనిషి, మనం ఎన్నడూ చూడని కంప్యూటర్‌లో, మనం పక్కన లేనప్పుడు నడుపుకోవలసిన వస్తువు. రాసిన చోటికీ అక్కడికీ మధ్య దూరం ఎంతుంటుందో తెలుగు అక్షరాల్ని పట్టుకుని నడిస్తే బాగా తెలుస్తుంది.

ఉదాహరణకు ఒక చిన్న యాప్ ఊహించుకుందాం. తెలుగు శాఖలో పరిశోధన చేసే ఒకాయన పదిహేనేళ్ల కిందట సిద్ధాంత గ్రంథాన్ని డీటీపీ షాపులో అను ఫాంట్లతో టైపు చేయించుకున్నారు. ఇప్పుడా ఫైలు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ పిచ్చి గుర్తులూ కలిసి కనిపిస్తాయి. దాన్ని యూనికోడ్ తెలుగులోకి మార్చిపెట్టడం మన యాప్ పని. ఒక కిటికీ, రెండు పెట్టెలు, ఒక బటన్. వినడానికి ఒక ఆదివారం పని.

పాత ఫాంట్లలో తెలుగు అక్షరానికంటూ సొంత సంఖ్య లేదు. ఇంగ్లీషుకూ యూరప్ భాషల గుర్తులకూ కేటాయించిన 256 గడుల్లోనే తలకట్టు ఒకచోట, గుడి ఒకచోట, వత్తులు ఇంకొకచోట బొమ్మలుగా సర్దేవారు. ఫాంట్ ఉన్నంతసేపూ అది తెలుగు, తీసేస్తే గందరగోళం. పైగా కంపెనీకో సర్దుబాటు. యూనికోడ్‌లో అలా కాదు. 1991లో వెలువడిన మొదటి ప్రమాణం నుంచే తెలుగుకు 3072 నుంచి 3199 దాకా 128 గడులున్నాయి. 'క్రి' అనే అక్షరాన్ని యూనికోడ్ నాలుగు సంఖ్యలుగా దాచుకుంటుంది: 3093 క, 3149 పొల్లు, 3120 ర, 3135 గుడి. పలికే వరుస ఇది. చేత్తో రాసేటప్పుడు మనం ముందు 'కి' రాసి, తర్వాత కింద ర వత్తు పెడతాం. పాత ఫాంట్లు చేతిరాత వరుసను పట్టుకున్నాయి. కాబట్టి మార్పిడి అంటే ఒక బొమ్మకు ఒక సంఖ్య అని పట్టిక రాసుకుంటే అయిపోదు. గుడిని ఎత్తి వత్తు అవతల పెట్టాలి, ఎక్కడ అక్షరం ముగిసి ఎక్కడ మొదలవుతోందో కనిపెట్టాలి. ఆదివారం పని అక్కడే రెండు నెలలవుతుంది.

ఈ దారిలో మనవాళ్లు ముందే నడిచారు. 1990ల మొదట్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిని రూపొందించారు. డొనాల్డ్ కనూత్ సృష్టించిన టెక్ అనే అచ్చుకూర్పు వ్యవస్థకు ముక్కవిల్లి దంపతులు తెలుగు నేర్పారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన యూనికోడ్ ఫాంట్లు తయారుచేసి అందరికీ ఇచ్చేశారు. ఇవాళ డెబియన్ లినక్స్ వాడేవాళ్లకు ఆ ఫాంట్లు ఒక ప్యాకేజీగా దొరుకుతున్నాయి. ఆర్‌టీఎస్ కూడా లినక్స్ కీబోర్డు జాబితాలో ఇప్పటికీ ఉంది. 2005లో స్వేచ్ఛ సంస్థవాళ్లు ఏకంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌నే విడుదల చేశారు.

మన ఊహా యాప్‌కు సరైన పెద్దన్న పద్మ. నాగార్జున వెన్న రాసిన ఈ ప్రోగ్రాం ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు తగిలించుకునే యాడ్-ఆన్. తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఒక్కొక్కటీ ఒక్కో సొంత ఫాంట్ పట్టుకుని కూర్చున్న రోజుల్లో, ఆ పేజీల్ని అక్కడికక్కడే యూనికోడ్‌గా మార్చి చూపించేది. తెలుగుతో మొదలై ఇతర భారతీయ భాషలకూ పాకింది. జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ కింద ఇచ్చారు కాబట్టి ఎలా మారుస్తోందో ఎవరైనా విప్పి చూడవచ్చు. ఏ పత్రిక ఫాంట్‌లో ఏ గడిలో ఏ బొమ్మ ఉందో అంతా ఆ కోడ్‌లో నమోదై ఉంది. తెలుగు అచ్చు చరిత్ర రాసేవాళ్లు చూడదగ్గ ఆధారం అది అని నా అభిప్రాయం.

పద్మ కథకు ఇంకో ముక్క ఉంది. 2017 నవంబరు 14న ఫైర్‌ఫాక్స్ 57వ వెర్షన్ వచ్చింది. పాత పద్ధతిలో రాసిన యాడ్-ఆన్‌లు అన్నిటికీ ఆ రోజుతో తలుపు మూసేశారు. పద్మ పుట్టింది ఆ పాత పద్ధతిలోనే. దాని కోడ్‌లో ఒక్క అక్షరం చెడిపోలేదు, కిందున్న నేల కదిలింది అంతే. అప్పటికి చాలా పత్రికలు యూనికోడ్‌కు మారాయి కాబట్టి పెద్దగా గగ్గోలు పుట్టలేదు. కానీ డెస్క్‌టాప్ యాప్ రాసే ప్రతివాళ్లూ ఈ సంగతి ముందే లెక్కలో వేసుకోవాలి. ప్రోగ్రాం ఒంటరిగా నడవదు, తన కిందున్న పది ప్రోగ్రాంల భుజాల మీద నడుస్తుంది.

కోడ్ రాయడానికి ముందో వెంటనో తేల్చుకోవలసింది లైసెన్స్. దీన్ని మన కాలేజీల్లో ఎవరూ పట్టించుకోరు. కోడ్‌ను ఇంటర్నెట్‌లో అందరికీ కనపడేలా పెట్టినంత మాత్రాన అది ఓపెన్ సోర్స్ అయిపోదు. 1957 నాటి భారత కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రాంను సాహిత్య రచనల కోవలోనే లెక్కిస్తుంది. లైసెన్స్ అంటూ ఏమీ రాయకపోతే హక్కులన్నీ రచయితవే, చదివినవాడు కాపీ చేసుకున్నా తప్పే. రిచర్డ్ స్టాల్‌మన్ 1989లో తెచ్చిన జీపీఎల్ ఈ చట్టాన్నే తిప్పి వాడుకుంది: వాడుకో, మార్చుకో, పంచుకో, కానీ పంచేటప్పుడు నువ్వు మార్చిన కోడ్‌ను కూడా ఇదే షరతుతో ఇవ్వు. ఎంఐటీ లైసెన్స్‌కు అంత పట్టుదల లేదు, పేరూ లైసెన్స్ పాఠమూ తీసేయకపోతే చాలంటుంది. ఫాంట్లకు వేరే పద్దు. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి ఫాంట్ మైక్రోసాఫ్ట్ సొత్తు, దాన్ని మన యాప్‌తో కలిపి పంచిపెట్టకూడదు. రామభద్ర, మల్లన్న, గురజాడ వంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి, వాటిని నిశ్చింతగా జతచేయవచ్చు.

ఇక బిల్డ్. మనిషి చదవగలిగే సోర్స్ కోడ్‌ను యంత్రం నడపగలిగే ఫైలుగా మార్చి, దానికి కావలసిన సరంజామా అంతా కలిపి మూట కట్టడం. కిటికీలు, బటన్లు, మెనూలు గీయడానికి క్యూట్, జీటీకే, ఎలక్ట్రాన్ వంటి సిద్ధ సరంజామాల్లో ఒకటి ఎంచుకోవాలి. ఎలక్ట్రాన్‌లో క్రోమియం బ్రౌజర్ మొత్తం లోపలికి వచ్చేస్తుంది కాబట్టి, ఒక బటన్ ఉన్న యాప్ కూడా వంద మెగాబైట్ల చుట్టుపక్కల తేలుతుంది. ఇంత చిన్న పనికి అంత బరువా అని నాకు మనసొప్పదు. అయితే తెలుగు వరకు దానితో ఒక లాభముంది, అది ఒప్పుకోవాలి.

తెర మీద తెలుగు కనపడడం వెనక షేపింగ్ అనే అంచె ఒకటుంది. క, పొల్లు, ర, గుడి అనే నాలుగు సంఖ్యలు చూసి, ఫాంట్‌లోంచి ఏ బొమ్మలు తీయాలో, ఏది దేని కింద ఎంత దూరంలో అతకాలో తేల్చే పని దానిది. విండోస్‌లో ఈ పనిని డైరెక్ట్‌రైట్ చేస్తుంది, మ్యాక్‌లో కోర్‌టెక్స్ట్ చేస్తుంది. ఫైర్‌ఫాక్స్, క్రోమియం, లిబ్రెఆఫీస్ హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీని నమ్ముకున్నాయి. ఎలక్ట్రాన్ వాడితే విండోస్, మ్యాక్, లినక్స్ మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లలోనూ హార్ఫ్‌బజ్ ఒక్కటే పనిచేస్తుంది. వేరే సరంజామా వాడితే ఒక్కోచోట ఒక్కో షేపింగ్ యంత్రం ఎదురుకావచ్చు. అప్పుడు ఒకచోట సరిగ్గా కూర్చున్న వత్తు ఇంకోచోట పక్కకు జరుగుతుంది.

ల్యాప్‌టాప్‌లో బిల్డ్ అయింది కదా అని సంబరపడడానికి లేదు. రెండేళ్లుగా ఆ ల్యాప్‌టాప్‌లో పోగుపడిన లైబ్రరీలు ఎన్నో దానికి చాటుగా సాయపడుతుంటాయి. అందుకే పెద్ద ప్రాజెక్టులు ఏ లైబ్రరీ ఏ వెర్షన్ కావాలో ఒక ఫైలులో బిగించి రాసిపెడతాయి. కోడ్‌లో మార్పు చేరిన ప్రతిసారీ ఎక్కడో సర్వర్‌లో ఏమీ లేని కొత్త యంత్రాన్ని తెరిచి, మొదటినుంచీ బిల్డ్ చేయిస్తాయి. విండోస్‌కొకటి, మ్యాక్‌కొకటి, లినక్స్‌కొకటి. మన చిన్న యాప్‌కు కూడా ఇది ఉచితంగానే దొరుకుతుంది. మొదటిరోజే పెట్టుకుంటే అరపూట పని, విడుదల ముందు పెట్టుకుంటే వారం పాట్లు.

టెస్టుల దగ్గర ఆగి మాట్లాడాలి. తెలుగు యాప్‌కు అసలు పరీక్షలు ఇంగ్లీషు పుస్తకాల్లో ఉండవు.

మొదటిరకం పరీక్ష చిన్న ముక్కలది. ఈ పాత బొమ్మల వరుస ఇస్తే 'క్రి' రావాలి, రాకపోతే ఎర్రదీపం. ఇలాంటివి వందలు రాసుకుంటాం. ఎవరైనా ఒక తప్పు పట్టుకుంటే, దాన్ని సరిచేయడానికి ముందే ఆ తప్పును పట్టే పరీక్ష రాయడం మంచి అలవాటు. సరిచేశాక ఆ పరీక్ష పచ్చబడుతుంది, ఆ తప్పు మళ్లీ ఎప్పుడు దూరినా అది అరుస్తుంది. దీన్ని రిగ్రెషన్ టెస్ట్ అంటారు. ముదిరిన ప్రాజెక్టుల్లో కోడ్ కన్నా ఈ పరీక్షలే విలువైన ఆస్తి.

'సాఫ్ట్‌వేర్' అనే మాటనే తీసుకోండి. ఇందులో ట్ కీ వే కీ నడుమ కంటికి కనపడని గుర్తు ఒకటుంది. యూనికోడ్‌లో దాని సంఖ్య 8204, పేరు జీరో విడ్త్ నాన్‌జాయినర్. 'ఇక్కడ కలపొద్దు, విడిగా ఉంచు' అని దాని ఆదేశం. అది లేకపోతే ఆ మాట 'సాఫ్ట్వేర్' అయిపోతుంది. డెస్క్‌టాప్, ఫైర్‌ఫాక్స్, హైదరాబాద్‌లో అని రాసిన ప్రతిచోటా అది ఉంది. ఇంగ్లీషు అలవాటున్న ప్రోగ్రామర్ 'కనపడని చెత్త గుర్తుల్ని తీసేసే' పంక్తి ఒకటి మంచి ఉద్దేశంతోనే రాస్తాడు. ఇంగ్లీషులో ఏ నష్టమూ ఉండదు. తెలుగులో ఫైలు నిండా అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. 'సాఫ్ట్‌వేర్' లోపలికి పోయి 'సాఫ్ట్‌వేర్'గానే బయటికి రావాలి అన్న ఒక్క పరీక్ష రాసిపెడితే ఆ పంక్తి ఎప్పటికీ విడుదల దాకా రాదు.

'కై' ఇంకో తమాషా. తెలుగు ఐత్వానికి యూనికోడ్‌లో 3144 అని ఒక సంఖ్య ఉంది. అదే ఐత్వాన్ని ఎత్వం 3142, కింది ముక్క 3158 కలిపి రెండు సంఖ్యలుగానూ రాయవచ్చు. ప్రమాణం ప్రకారం రెండూ సమానం, తెర మీదా ఒకేలా ఉంటాయి. కానీ యంత్రం సంఖ్యల్ని పోలుస్తుంది. 'చైత్రం' అని వెతికితే సగం చైత్రాలు దొరకవు. పోల్చడానికి ముందు అన్నిటినీ ఒకే రూపంలోకి తెచ్చే నార్మలైజేషన్ అనే మెట్టు ఉండాలి. పాత టైపిస్టులు చేసిన పని మరొకటి: సున్న ఉండాల్సిన చోట తెలుగు అంకె సున్నా కొట్టడం. రెండూ గుండ్రాలే. ఒకటి 3074, ఇంకొకటి 3174. మనిషి కన్ను క్షమిస్తుంది, వెతుకులాట క్షమించదు. మన యాప్ దాన్ని దిద్దాలా, ఉన్నది ఉన్నట్టు వదిలేయాలా? మాట మధ్యలో ఉంటే దిద్దవచ్చు, అంకెల పక్కన ఉంటే ముట్టుకోకూడదు. ఈ నిర్ణయం కూడా పరీక్షగానే రాసిపెట్టుకోవాలి, లేకపోతే ఆరునెలల తర్వాత వచ్చిన కొత్తవారు 'ఇదేదో పొరపాటు' అని తీసేస్తారు.

'స్త్రీ'లో అక్షరాలెన్ని? మన చిన్నప్పటి పంతులుగారి లెక్కలో ఒకటి. యూనికోడ్ సంఖ్యలు ఆరు. యూటీఎఫ్-8 ఫైలులో పద్దెనిమిది బైట్లు. కర్సర్ ఎక్కడ ఆగాలో చెప్పే యూనికోడ్ నియమాల ప్రకారం 2023 దాకా మూడు: స్, త్, రీ. ఆ ఏడాది సెప్టెంబరులో వచ్చిన 15.1 వెర్షన్ ఆ నియమాన్ని మార్చి, తెలుగుతో పాటు కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాల్ని ఒకే ముక్కగా లెక్కించమంది. అంటే పాత లైబ్రరీతో 3 అని పచ్చగా ఉన్న పరీక్ష, కొత్త లైబ్రరీతో 1 అని ఎర్రబడుతుంది. తప్పు మన కోడ్‌ది కాదు, పరీక్షదీ కాదు. పంతులుగారి లెక్కకు యూనికోడ్ ముప్పై రెండేళ్లకు వచ్చిందన్నమాట.

కిటికీ బయట కూడా పరీక్షలున్నాయి. విండోస్‌లో యూజర్ పేరు తెలుగులో పెట్టుకున్నవాళ్లుంటారు, ఫోల్డర్‌కు 'సిద్ధాంత గ్రంథం' అని పేరు పెట్టేవాళ్లు ఇంకా ఎక్కువ. విండోస్‌లో పాతకాలపు కోడ్‌పేజీల పద్ధతి ఒకటి నేటికీ బతికుంది, అందులో తెలుగుకు చోటే లేదు. ఆ పద్ధతిలో ఫైలు తెరిచే లైబ్రరీ ఏదైనా మన యాప్‌లో ఉంటే, తెలుగు పేరున్న ఫోల్డర్ ముందు అది చేతులెత్తేస్తుంది. 'ఫైలు లేదు' అంటుంది, కళ్లెదురుగా ఉన్నా. బటన్ల ఎత్తు మరో గొడవ. ఇంగ్లీషు అక్షరం కొలతతో బిగించిన బటన్‌లో 'శాస్త్రం' అని పెడితే త వత్తు, ర వత్తు కింద తెగిపోతాయి. ఇది యంత్రం పట్టే తప్పు కాదు, ఎవరో ఒకరు కళ్లతో చూడాలి.

ఇవన్నీ తెలుగువాళ్ల యాప్‌లో తెలుగువాళ్లు చూసుకోవలసిన చిన్న సంగతులు అనుకునేవాళ్లకు 2018 ఫిబ్రవరి గుర్తుచేయాలి. ఆ నెలలో ప్రపంచమంతటా ఐఫోన్లు ఒక తెలుగు అక్షరం చూసి కుప్పకూలాయి. 'జ్ఞా'. మెసేజ్‌లో వస్తే మెసేజ్‌ల యాప్ మూసుకుపోయేది, నోటిఫికేషన్‌గా వస్తే ఫోను హోమ్ స్క్రీనే పడిపోయేది. మ్యాక్ కంప్యూటర్లకూ అదే గతి. మనం రోజూ రాసే 'జ్ఞానం'లోని జ్ఞా వల్ల ఏమీ జరగలేదు. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత మన పాత మిత్రుడు 8204, ఆపైన దీర్ఘం: ఈ ఐదూ ఈ వరుసలో వస్తే కోర్‌టెక్స్ట్ తన లెక్క తప్పి, తనది కాని చోట చెయ్యి పెట్టేది. బెంగాలీ, దేవనాగరిలో కూడా ఇలాంటి వరుసలు కొన్ని ఉన్నాయని తర్వాత తేలింది. ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6 అనే సవరణ విడుదల చేసి దాన్ని సరిచేసింది. దాదాపు వారం పాటు తెలుగు అక్షరాన్ని ఆకతాయిలు ఆయుధంలా వాడారు. మనకు నవ్వూ వచ్చింది, కాస్త రోషమూ వచ్చింది.

విడదీసే గుర్తు ఆ చోట పెట్టి మామూలుగా ఎవరూ టైపు చేయరు. మరి అలాంటిదాన్ని ముందే పట్టడమెలా? తెలుగుకు సుమారు వంద గుర్తులనుకుంటే, ఐదేసి కలిపి రాయగల వరుసలు వెయ్యి కోట్లు. అన్నీ చేత్తో రాసి చూడలేం. ఇక్కడ పనికొచ్చేది ఫజింగ్. 1988లో అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో బార్టన్ మిల్లర్ అనే అధ్యాపకుడు ఒక వానరాత్రి ఇంటి నుంచి ఫోను లైను మీద కంప్యూటర్ వాడుతున్నారు. వాన వల్ల లైనులో దూరిన పిచ్చి గుర్తులకు మంచి మంచి యూనిక్స్ ప్రోగ్రాంలు కూలిపోవడం ఆయన్ని ఆశ్చర్యపరిచింది. విద్యార్థులకు అదే పని అప్పజెప్పారు: కావాలని చెత్త పంపండి, ఏవి కూలతాయో చూడండి. పరీక్షించిన ప్రోగ్రాంలలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా పడిపోయాయి. ఇవాళ ఓపెన్ సోర్స్ లైబ్రరీలకు ఈ చెత్త దాడి రాత్రింబవళ్లు జరుగుతోంది, 2016లో గూగుల్ దీనికోసం ప్రత్యేకంగా ఓఎస్‌ఎస్-ఫజ్ అనే సేవ మొదలుపెట్టింది. హార్ఫ్‌బజ్ కూడా అందులో ఉంది. మన చిన్న యాప్‌కు అంత హంగు అక్కర్లేదు. 3072 నుంచి 3199 దాకా సంఖ్యలూ, మధ్య మధ్య 8204 కలిపి ఎడాపెడా వరుసలు పుట్టించి, యాప్ కూలకుండా ఉంటుందా అని రాత్రంతా నడిపి చూస్తే చాలు. పాతిక పంక్తుల కోడ్ అది.

బిల్డ్, టెస్ట్, రిలీజ్ అనే ఈ మూడు మెట్లనూ ఎవరో దురుద్దేశంతో వాడుకుంటే ఏమవుతుందో కూడా ప్రపంచం చూసింది. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే లైబ్రరీ దాదాపు ప్రతి లినక్స్ యంత్రంలోనూ ఉంటుంది. దాన్ని ఏళ్ల తరబడి ఒక మనిషి తీరిక వేళల్లో చూసుకుంటున్నారు. మారుపేరుతో వచ్చిన ఒకరు రెండేళ్లకు పైగా ఓపికగా సాయంచేసి, నమ్మకం సంపాదించి, విడుదల బాధ్యత చేజిక్కించుకున్నారు. దొంగతలుపు కోడ్‌ను టెస్టు ఫైళ్లలో దాచారు, 'పాడైన ఫైలును సరిగ్గా గుర్తిస్తున్నామా' అని చూసే నమూనాల్లాగా. దాన్ని బయటికి తీసి బిల్డ్‌లో కలిపే చిన్న మెలిక మాత్రం అందరూ చూసే కోడ్‌లో లేదు, విడుదల చేసిన మూటలో మాత్రమే ఉంది. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు దీన్ని బయటపెట్టారు. ఆయనకు అనుమానం తగిలిన చోటు చూడండి: లాగిన్ కావడానికి అర సెకను ఆలస్యమవుతోందని! చూసే కళ్లు ఎక్కువైతే తప్పులు దాగవని ఓపెన్ సోర్స్ లోకంలో ఒక నమ్మకముంది. నేనైతే అంత దూరం పోను. కళ్లు ఉండవచ్చు, ఎవరూ చూడకపోవడమే ఎక్కువ. చూడదలచినవాడికి అడ్డులేకపోవడం మాత్రం నిజం, ఆ రోజు అదే కాపాడింది.

మన యాప్ అన్ని పరీక్షలూ దాటింది. ఇక విడుదల. వెర్షన్‌కు మూడంకెల పేరు పెడతారు, 1.4.2 లాగ. చివరి అంకె పెరిగితే మరమ్మతులే చేశామని, మధ్యది పెరిగితే కొత్త సౌకర్యం వచ్చిందని, మొదటిది పెరిగితే పాతవాటితో పొత్తు కుదరకపోవచ్చని అర్థం. ఈ ఆనవాయితీకి ఒప్పుకోని పెద్దమనిషి కనూత్. టెక్ వెర్షన్ సంఖ్యకు ఆయన ప్రతి సవరణతో పై (π) విలువలో ఇంకో అంకె చేరుస్తారు. 2021 నాటి సవరణతో అది 3.141592653 దగ్గరుంది. తన పుస్తకాల్లో తప్పు పట్టినవాళ్లకు 2 డాలర్ల 56 సెంట్ల చెక్కు పంపేవారు, చాలామంది దాన్ని మార్చుకోకుండా దాచుకునేవారు.

ముందు బీటా. తెలిసిన పదిమందికి ఇచ్చి వాడమనడం. ఈ పదిమందిలో ఇద్దరైనా కంప్యూటర్ చదువుతో సంబంధం లేనివాళ్లు ఉండాలి, థీసిస్ టైపు చేసే డీటీపీ ఆపరేటర్ అయితే మరీ మంచిది. ప్రోగ్రామర్లు యాప్‌ను పనిచేసే దారిలోనే నడిపిస్తారు, అది వాళ్ల జబ్బు. ఆపరేటర్ మూడొందల పేజీల ఫైలును ఒక్కసారి అతికించి, అది మారుతుండగానే బటన్ నాలుగుసార్లు నొక్కుతాడు.

తర్వాత సంతకాల తతంగం. డబ్బుపెట్టి కొన్న ధ్రువపత్రంతో సంతకం చేయకపోతే, ప్రచురణకర్త ఎవరో తెలియదంటూ విండోస్ అడ్డు నిలుస్తుంది. 2019 నాటి క్యాటలీనా నుంచి మ్యాక్‌లో ఇంకా గట్టి కాపలా, యాప్‌ను ఆపిల్‌కు పంపి నోటరీ ముద్ర వేయించుకోవాలి. అందుకు కావలసిన డెవలపర్ సభ్యత్వం ఏడాదికి 99 డాలర్లు. అడ్డు ఎందుకు పెట్టారో అర్థం చేసుకోగలను, దొంగ యాప్‌ల బెడద నిజమే. కానీ స్కాలర్‌షిప్ మీద బతికే విద్యార్థి పదిమందికి ఉచితంగా ఇచ్చేదాని మీద ఏటా ఎనిమిది వేల పైచిలుకు సొంత డబ్బు పోయాలనడం నాకు మింగుడుపడదు. లినక్స్ వైపు డబ్బుల గొడవ లేదు, ఫ్లాట్‌ప్యాక్, యాప్ఇమేజ్ రూపాల్లో మూట కట్టి ఇవ్వవచ్చు. డెబియన్‌లో చేర్చాలంటే మాత్రం ఓపిక కావాలి. ముందు అస్థిర శాఖలో, తర్వాత పరీక్షా శాఖలో నానాక, దాదాపు రెండేళ్లకోసారి వచ్చే స్థిర విడుదలలోకి ఎక్కుతుంది. మూట పక్కన 64 గుర్తుల చెక్‌సమ్ కూడా పెట్టాలి. దించుకున్న ఫైలులో ఒక్క బిట్ మారినా ఆ 64 గుర్తుల వరుస కలవదు.

విడుదలైన మర్నాడు మొదటి ఫిర్యాదు వస్తుంది: "పనిచేయడం లేదు." ఇంతే. దీంతో ఎవరూ ఏమీ చేయలేరు. ఏ ఆపరేటింగ్ సిస్టమ్, యాప్ ఏ వెర్షన్, ఏం చేస్తే ఏం రావాలి, ఏం వచ్చింది అన్నవి కావాలి. తెలుగు విషయంలో వీటికి మరొకటి కలపాలి. మనవాళ్లు ఫిర్యాదుతో ఫొటో తీసి పంపుతారు, వాట్సాప్‌లో అయితే ఫోను కెమెరాతో తెరను తీసిన ఫొటో. బటన్ కింద వత్తు తెగిందని చూపడానికి ఫొటో బంగారం. కానీ మాట తప్పుగా మారిందన్న ఫిర్యాదుకు అది పనికిరాదు. ఆ బొమ్మలో 'కై' ఒక సంఖ్యో రెండో తెలియదు, గుండ్రం 3074నో 3174నో తెలియదు, 8204 ఉందో లేదో అసలే తెలియదు. తప్పు వచ్చిన ఆ ఒక్క వాక్యాన్ని టెక్స్ట్ ఫైలుగా దాచి, దాన్ని జతచేసి పంపాలి. అవతల ఆ ఫైలును యథాతథంగా టెస్టుల ఫోల్డర్‌లో పెట్టుకుంటారు, 1.4.3 పని దానితో మొదలవుతుంది.